శనివారం ఆక్సలోటల్ వస్తోంది, ట్యాంకు ఇంకా కొనలేదు (బెంగళూరు)

మారతహళ్ళి_మధు
మా పాపకి పదేళ్ళు. మైన్‌క్రాఫ్ట్ వీడియో గేములో చూసినప్పటి నుంచి ఆక్సలోటల్ కావాలని ఏడాదిగా ఒకటే గోల. పుట్టినరోజు దగ్గరపడింది కదా అని ఆదివారం ఒక షాపుకి వెళ్ళి, గులాబీరంగు పిల్లని చూసి, మనసాగక పదిహేను వందలు అడ్వాన్సు ఇచ్చేశా. నాలుగంగుళాలుంది. శనివారం వచ్చి తీసుకెళ్ళమన్నాడు.
ట్యాంకు ఎంతది కావాలి? షాపతను గుండ్రటి గాజు గిన్నెలో కూడా బతుకుతుంది సార్ అన్నాడు. ట్యాంకు, ఫిల్టరు, రంగురాళ్ళు, లైటు అన్నీ కలిపి ఆరు వేలు అనుకున్నా. ఇంట్లో కావేరి నీళ్ళు వారానికి మూడు రోజులు, మిగతా రోజులు బోరు. మూడో అంతస్తు, హాలుకి పడమటి ఎండ. ఇంతకు ముందు గప్పీ చేపలు తప్ప ఏమీ పెంచలేదు.

చేపలపిచ్చి
ఏ శనివారం? ఈ శనివారమేనా?

నాలుగో_అంతస్తు
గుండ్రటి గిన్నెలో పెసరట్టు పిండి పోసుకో అన్నా. దానికి బాగా పనికొస్తుంది.

కరీంనగర్_కిట్టు
అడ్వాన్సు ఇచ్చినవా? గా పదిహేను వందలు పోయినయనుకో ఇగ.

పద్మక్క_వైట్‌ఫీల్డ్
మధు గారూ, నా దగ్గర రెండున్నాయి, ఐదేళ్ళుగా. మిమ్మల్ని భయపెట్టాలని కాదు కానీ శనివారం మాత్రం తేవద్దు. ఒక నెలన్నర ఆగమనండి ఆ షాపతన్ని. కుదరదంటే పోనివ్వండి, ఇంకోటి దొరుకుతుంది.

ముందు అది చేప కాదు. కప్పలకి చుట్టం, సాలమాండర్ అంటారు. మామూలుగా సాలమాండర్లు పెద్దవయ్యాక నీళ్ళు వదిలి గట్టెక్కుతాయి, ఇది మాత్రం జీవితాంతం పిల్లరూపంలోనే, తలకి అటూ ఇటూ కుచ్చుల్లాంటి మొప్పలతో నీళ్ళలోనే ఉండిపోతుంది. అందుకే అంత ముద్దుగా ఉంటుంది. దాని సొంతూరు మెక్సికో సిటీ పక్కన సొచిమిల్కో కాలవలు. సముద్రమట్టానికి 2,240 మీటర్ల ఎత్తు. అంటే సరిగ్గా మన ఊటీ అంత. మీరు ఊటీ జీవిని పడమటి ఎండ కొట్టే హాల్లో పెడతానంటున్నారు.

నీళ్ళు 16 నుంచి 18 డిగ్రీలుండాలి. 20 అంటే సర్దుకుంటుంది. 22 దాటితే అవస్థ మొదలు. 24 పైన రోజుల తరబడి ఉంటే తిండి మానేస్తుంది, మొప్పల మీద తెల్లగా దూదిలా బూజు కడుతుంది. మీ ఇంట్లో ఏప్రిల్‌లో బకెట్లో నీళ్ళు ఎంత ఉంటాయో ఒక థర్మామీటరు వేసి చూడండి. నా లెక్క ప్రకారం 28కి తగ్గదు.

అందుకని మీ ఆరు వేల లెక్కలో రాళ్ళు, లైటు కొట్టేయండి. రెండూ దానికి హానే. మొదట రాయాల్సింది చిల్లర్.

మారతహళ్ళి_మధు
చిల్లర్ అంటే ఫ్రిజ్ లాంటిదా? ఎంతవుతుంది?

పద్మక్క_వైట్‌ఫీల్డ్
ఫ్రిజ్ లాంటిదే. ట్యాంకులో నీళ్ళు పంపు ద్వారా దాని గుండా పోయి చల్లబడి తిరిగొస్తాయి. నేను పాతది పద్దెనిమిది వేలకి కొన్నా, పదోవంతు హార్స్‌పవర్‌ది. కొత్తది అడిగితే పాతికా ముప్ఫై మధ్య చెప్పారు అప్పట్లో. జీవి ధర ఇందులో చిల్లర కింద లెక్క.

నాలుగో_అంతస్తు
చిల్లర్ ముందు చిల్లర. అక్కా, ఇది కావాలని అన్నారా, వచ్చేసిందా?

ఫ్యాన్_రాజా
ఎప్పుడూ ఈ చిల్లర్ పాటేనా. నాది యలహంక, గ్రౌండ్ ఫ్లోరు. నాలుగేళ్ళుగా రెండు చిన్న ఫ్యాన్లు నీటి మీదకి తిప్పి పెట్టి ఒక ఆక్సలోటల్‌ని పెంచుతున్నా. బాగానే ఉంది. కొత్తవాళ్ళని ఇలా బెదరగొట్టి పంపించేయడం మన వేదికకి అలవాటైపోయింది.

చేపలపిచ్చి
రాజా, 2024 ఏప్రిల్‌లో మనూళ్ళో 38 దాటింది. ఆ నెలలో మీ ట్యాంకు ఎంత చూపించింది?

ఫ్యాన్_రాజా
25. రెండు వారాలు 26. ఐసు బాటిళ్ళు వేశా.

పద్మక్క_వైట్‌ఫీల్డ్
ఫ్యాను నీటిని ఆవిరి చేసి చల్లబరుస్తుంది. రెండు మూడు డిగ్రీలు, గాలి పొడిగా ఉంటే నాలుగు. బెంగళూరులో నవంబరు నుంచి జనవరి దాకా ఫ్యాను చాలు, నిజమే, నేనూ అప్పుడు చిల్లర్ ఆపేస్తా. ఎండాకాలం 28లోంచి మూడు తీస్తే 25. మీది బతికింది రాజా గారూ, సంతోషం. కానీ అది బాగా ఉండడం వేరు, బతికుండడం వేరు. మధు గారిది గ్రౌండ్ ఫ్లోరు కూడా కాదు.

ఫ్యాన్_రాజా
సరే, మూడో అంతస్తు పడమటి గోడ అంటే నేనూ వాదించను. ఐసు బాటిలు మాత్రం అంత పాపం కాదని నా మాట.

తిరువాన్మియూర్_సుజాత
ఐసు బాటిళ్ళ గురించి నేను చెప్తా. చెన్నైలో ఉంటాం. మా అబ్బాయి కోసం తెచ్చాం, జనవరిలో. అప్పుడు నీళ్ళు 24 ఉండేవి, బాగానే తిరిగేది, చేతిలో పట్టకారు కనిపిస్తే చాలు నోరు తెరుచుకుని వచ్చేసేది. మార్చి నుంచి ఫ్యాను పెట్టాం. మా దగ్గర సముద్రపు గాలి, అంతా తేమ, ఫ్యాను తిరుగుతూనే ఉంటుంది, ముల్లు ఒక డిగ్రీ కూడా కదలదు. అప్పుడు ఐసు బాటిళ్ళు. పొద్దున రెండు, మధ్యాహ్నం రెండు, పడుకునే ముందు రెండు. బాటిలు వేసిన గంటకి 23, అది కరిగాక మళ్ళీ 28. రోజుకి మూడు సార్లు ఆ పైకీ కిందకీ ఊగడమే దాన్ని తినేసిందని ఇప్పుడనిపిస్తుంది.
మే నెలలో ఒక రాత్రి కరెంటు పోయి ఐదు గంటలు రాలేదు. ఫ్రీజర్లో బాటిళ్ళు కూడా కరిగిపోయాయి. ఫోన్ టార్చి వేసి చూస్తే నీటిపైకి తేలి ఉంది, తోక చివర చిన్న కొక్కెంలా వంకర తిరిగి. ఎర్రగా గుబురుగా ఉండే మొప్పలు పాచిపోయిన ముళ్ళలా అయ్యాయి. మూడు రోజులున్నది అంతే. మావాడు ఆ ట్యాంకుని ఇప్పటికీ తుడవనివ్వడు.
మధు గారూ, పాప కోసం తెస్తున్నారు కాబట్టే రాస్తున్నా.

మారతహళ్ళి_మధు
చదివి కాసేపు ఏమీ రాయలేకపోయా అక్కా.

కొళత్తూర్_బాషా
సుజాతక్కా, ఆ ఊగడం మాట నిజం. నేను కొళత్తూరులో రంగుచేపల పనిలో పదిహేనేళ్ళ నుంచి ఉన్నా. చెన్నైలో చిల్లర్ లేనివాళ్ళకి నేను ఆక్సలోటల్ అమ్మను. ఏసీ గదిలో పెడతా అంటారు కొందరు. ఏసీ రాత్రంతా 24లో నడిపితే నీళ్ళు 24కే వస్తాయి, పగలు ఆపితే మళ్ళీ పైకి. ఇరవై నాలుగ్గంటలూ 18లో నడిపేవాడికి చిల్లరే చవక.
ఇంకోటి, చిన్నగా ప్లాస్టిక్ డబ్బాలా ఉండే పెల్టియర్ చిల్లర్లు నాలుగైదు వేలకి చూపిస్తారు. అవి పది లీటర్ల రొయ్యల ట్యాంకుకి సరి. వంద లీటర్ల మీద పెడితే అది చల్లబరచదు, మీ కరెంటు మాత్రం తాగుతుంది.

అనంతపురం_ఓబులేసు
మా ఊర్లో మనుషులకే చల్లనీళ్ళు కుండలో నుండి దప్ప ల్యావప్పా. నువ్వు మెక్సికో బల్లికి మిషను బెట్టాలంటావు.

నాలుగో_అంతస్తు
ఓబులేసన్నా, కుండ ఐడియా తీసిపారేయకు. పెద్ద కూజాలో పెడితే?

అనంతపురం_ఓబులేసు
పెడితే అది బైటికి జూసి నన్ను తీసుకపోండ్రా అంటాది.

సర్జాపూర్_లాయరమ్మ
ఒక్కరూ కాగితాల మాట ఎత్తలేదేం? ఆక్సలోటల్ సైటిస్ (అరుదైన జీవుల వ్యాపారాన్ని అదుపు చేసే అంతర్జాతీయ ఒప్పందం) రెండో అనుబంధంలో ఉంది. మన వన్యప్రాణి సంరక్షణ చట్టాన్ని 2022లో సవరించి సైటిస్ జీవులని నాలుగో షెడ్యూల్లో చేర్చారు, 2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చింది. 2024 ఫిబ్రవరిలో నమోదు నియమాలు కూడా ఇచ్చారు. చేతికొచ్చిన 30 రోజుల్లోపు కేంద్ర పర్యావరణ శాఖ వారి పరివేష్ పోర్టల్‌లో నమోదు చేయించాలి. పిల్లలు పుట్టినా, చచ్చిపోయినా, ఇంకొకరికి ఇచ్చినా చెప్పాలి. ఎక్కడి నుంచి వచ్చిందో అమ్మినవాళ్ళు కాగితం చూపించలేకపోతే కొనకండి మధు గారూ. ఫారిన్ చిలకలకే అనుకుంటారు అందరూ.

కరీంనగర్_కిట్టు
చెరువు బల్లికి ఆధార్ కార్డా!

సర్జాపూర్_లాయరమ్మ
నవ్వండి. అడవిలో, అంటే ఆ కాలవల్లో, 1998లో చదరపు కిలోమీటరుకి ఆరు వేలు లెక్క తేలాయి. 2014కి ముప్ఫై ఆరు. అంతరించడానికి ఒక్క మెట్టు ముందున్న జాతి అది.

చేపలపిచ్చి
మన ట్యాంకుల్లోవి అక్కడి నుంచి పట్టుకొచ్చినవి కావులెండి. 1864లో మెక్సికో నుంచి పారిస్‌కి ముప్ఫై నాలుగు తీసుకెళ్ళారు, లోకంలో ల్యాబుల్లో, ఇళ్ళల్లో ఉన్నవాటిలో చాలా భాగం ఆ వంశమే. ఆ గులాబీ రంగు కూడా. కాలు తెగితే మళ్ళీ మొలిపించుకుంటుందని శాస్త్రవేత్తలు నూట అరవై ఏళ్ళుగా వదలడం లేదు. కాగితాలు వద్దనడం లేదు, కొనడమే పాపం కాదంటున్నా.

మారతహళ్ళి_మధు
ఇప్పుడే షాపుకి వెళ్ళొచ్చా. పేపర్లు అడిగితే అతనన్న మాట ఇది: "పేపర్లెందుకు సార్, ఇదిగో, న్యూస్ పేపర్లో చుట్టి ఇస్తా."
అడ్వాన్సులో ఐదు వందలు పట్టుకుని వెయ్యి ఇచ్చాడు. మా పాపతో ఇంకా చెప్పలేదు.

కరీంనగర్_కిట్టు
వెయ్యి వచ్చిందా! నా మాట వాపస్.

పద్మక్క_వైట్‌ఫీల్డ్
మంచి పని చేశారు. పాపతో నేను చెప్పమన్నానని చెప్పండి: ముందు ఇల్లు, తర్వాత చుట్టం.

ట్యాంకు రెండడుగులు పొడుగు, అడుగున్నర వెడల్పు, అడుగున్నర ఎత్తు. నూట ఇరవై లీటర్ల పైన పడుతుంది, ఒక్కదానికి చాలు. పెద్దదయ్యాక అది అడుగు దాకా పెరుగుతుంది కాబట్టి ఎత్తు కన్నా నేల ముఖ్యం. మూడడుగులైతే ఇంకా మంచిది కానీ అది నిండితే రెండు వందల కిలోల దగ్గరికి వస్తుంది, స్టాండు గట్టిది కావాలి. మూత తప్పనిసరి. ఎగరదనుకుంటారు, ఎగురుతుంది. నా మొదటిది పొద్దున్నే సోఫా కింద దొరికింది, దుమ్ము అంటుకుని నువ్వులుండలా. బతికింది.

రంగురాళ్ళు వద్దని ఎందుకన్నానంటే, అది తిండిని నోటితో లాగి మింగుతుంది. పక్కనున్న రాయి కూడా లోపలికి పోతుంది. పేగులో ఇరుక్కుంటే తిండీ పెట్టలేం, రాయీ తీయలేం. చిన్నదిగా ఉన్నంత కాలం అడుగు ఖాళీగా ఉంచండి, తర్వాత సన్నటి ఇసక.

దాక్కోవడానికి ప్లంబర్ దగ్గర నాలుగంగుళాల పీవీసీ పైపు ముక్క, అంచులు అరగదీసి. అంతే. నా దగ్గర ఐదొందల రూపాయల సిరామిక్ కోట ఉంది, రెండూ వెళ్ళి ఆ పైపులోనే ఒకదాని మీద ఒకటి పడుకుంటాయి. లైటు వద్దు, దానికి కనురెప్పలు లేవు.

ఫిల్టరు స్పాంజిది. నీళ్ళు జోరుగా తోసేది పెడితే పాపం మొప్పలు ముందుకి మడుచుకుని మూల కూర్చుంటుంది.

బోరునీళ్ళ_బాబు
బోరు నీళ్ళు మంచివే దీనికి, కాస్త గట్టి నీళ్ళంటే ఇష్టం. పీహెచ్ ఏడుకీ ఎనిమిదికీ మధ్య ఉంటే గొడవ లేదు. ఆర్వో నీళ్ళు ఒక్కటీ పోయకండి, ఉప్పులన్నీ తీసేసిన నీళ్ళవి. నీళ్ళలో కరిగిన ఉప్పుల మొత్తం చూపించే టీడీఎస్ మీటరు చూసి సంబరపడకండి కూడా, అందులో నైట్రేట్ ఎంతో అది చెప్పదు. కావేరి నీళ్ళలో క్లోరిన్ ఉంటుంది, డీక్లోరినేటర్ చుక్కలు వేయాలి. ట్యాంకరు నీళ్ళైతే ఏ బోరువో ఎవరికీ తెలీదు, ప్రతిసారీ పరీక్ష చేసుకోవాల్సిందే. 2024 ఎండాకాలం మా అపార్ట్‌మెంటులో మూడు ట్యాంకర్లు, మూడు రకాల నీళ్ళు.

మారతహళ్ళి_మధు
ఆ నెలన్నర ఎందుకో ఇంకా అర్థం కాలేదు. నీళ్ళు పోసి, చల్లబరిచి, వదిలేస్తే?

చేపలపిచ్చి
సైక్లింగ్. దాని పెంట నుంచి అమ్మోనియా వస్తుంది, విషం. ఒక రకం బాక్టీరియా దాన్ని నైట్రైట్ చేస్తుంది, అదీ విషమే. ఇంకో రకం దాన్ని నైట్రేట్ చేస్తుంది, అది కాస్త నయం, వారం వారం నీళ్ళు మార్చి తీసేయొచ్చు. ఈ రెండు రకాలూ ఫిల్టరు స్పాంజిలో ఇల్లు కట్టుకోవడానికి ఆరు వారాలు, ఒక్కోసారి ఎనిమిది. పాలు తోడుకోవడం లాంటిది, కదిపితే తోడుకోదు. ఖాళీ ట్యాంకులో అమ్మోనియా మీరే వేయాలి, 2 పీపీఎం (లీటరుకి 2 మిల్లీగ్రాములు) వచ్చేలా. చుక్కల టెస్ట్ కిట్ కొనండి, కాగితం పట్టీలు వద్దు. వేసిన అమ్మోనియా ఇరవై నాలుగ్గంటల్లో సున్నా, నైట్రైట్ కూడా సున్నా అయిందంటే ట్యాంకు సిద్ధం.

మారతహళ్ళి_మధు
అమ్మోనియా ఎక్కడ దొరుకుతుంది?

చేపలపిచ్చి
అమ్మోనియం క్లోరైడ్. కెమికల్స్ షాపులో స్వచ్ఛమైనది అడగండి.

పద్మక్క_వైట్‌ఫీల్డ్
మా అమ్మని అడిగితే అది నవాసాగరం కదే అంది. ఇత్తడి గిన్నెలకి కళాయి పెట్టేవాళ్ళు వాడేది. కళాయి వాళ్ళ దగ్గర కొనకండి, అందులో ఏమేం కలిసుంటాయో.

మారతహళ్ళి_మధు
తోడు సామగ్రి: ట్యాంకు, స్పాంజి ఫిల్టరు, కిట్, నవాసాగరం వచ్చాయి. పాత చిల్లర్ ఒకటి ఇరవై రెండు వేలు. మా ఆవిడకి ఇరవై అని చెప్పా. మా పాప రెండు రోజులు మాట్లాడలేదు, మూడో రోజు టెస్ట్ ట్యూబులు తనే కడుగుతానంది.

తిరువాన్మియూర్_సుజాత
కరెంటు పోతే ఏం చేస్తారో ఇప్పుడే చూసుకోండి. చిల్లర్ మామూలు ఇన్వర్టర్ మీద ఎంతసేపు ఆగుతుందో.

కొళత్తూర్_బాషా
ఇన్వర్టర్ మీద ముందు గాలి పంపు పెట్టు తమ్ముడూ, దానికి ఐదు వాట్లు కూడా పట్టవు. చల్లటి నీళ్ళు నూట ఇరవై లీటర్లు గంట రెండు గంటల్లో ఏమీ వేడెక్కవు, మూడు పక్కలా థర్మోకోల్ అతికిస్తే ఇంకా నయం. చిల్లర్ వెనక గాలి ఆడాలి, అల్మరాలో దూర్చొద్దు. వేసవిలో రోజుకి ఎనిమిది గంటలు తిరుగుతుంది అనుకో, నూటయాభై వాట్ల లెక్కన నెలకి ముప్ఫై ఆరు యూనిట్లు.

ఫ్యాన్_రాజా
నా పాత ఫ్యాన్లు రెండు కావాలంటే ఉచితంగా ఇస్తా మధు. ఈ ఎండాకాలానికి నేనూ చిల్లర్ చూస్తున్నా. ఎవరూ ఏమీ అనకండి.

నాలుగో_అంతస్తు
అనట్లేదు. స్క్రీన్‌షాట్ మాత్రం తీసుకున్నా.

మారతహళ్ళి_మధు
ఇవాళ్టికి నలభై ఏడో రోజు. పదహారో రోజు నైట్రైట్ పెరిగి ట్యూబు ఊదారంగులో అలాగే మూడు వారాలుండిపోయింది, వదిలేద్దామనుకున్నా. నిన్న పొద్దున అమ్మోనియా వేశాం. ఇవాళ పొద్దున రెండు ట్యూబులూ సున్నా. నైట్రేట్ 40. నీళ్ళు 17.5 డిగ్రీలు.
ఊరి నుంచి మా అత్తగారు వచ్చారు. హాల్లో ట్యాంకు, మిషను, పైపు ముక్క, కింద నోట్‌బుక్‌లో మా పాప రాసిన అంకెలు చూసి, ఇందులో ఏముందమ్మా అని అడిగారు. నీళ్ళు అమ్మమ్మా అంది. ఆవిడ చాలాసేపు వంగి చూసి, మంచినీళ్ళేనా అన్నారు.

పద్మక్క_వైట్‌ఫీల్డ్
సగానికి పైగా నీళ్ళు మార్చి నైట్రేట్ ఇరవై లోపుకి దించండి. కాగితాలున్న చోటు నుంచి మాట్లాడి పెట్టుకున్నారు కదా, ఇక తెచ్చుకోవచ్చు. ఒక్కటే తేండి. చిన్నప్పుడు రెండు కలిపితే ఒకదాని కాళ్ళు ఇంకోటి తినేస్తుంది. మొలుస్తాయనుకోండి, అయినా పాప ముందు ఎందుకు.

మారతహళ్ళి_మధు
ఒక్కటే అక్కా. ఆదివారం వస్తుంది. తిండి వానపాములే కదా?

బోరునీళ్ళ_బాబు
వానపాములే రాజభోజనం, నోట్లో పట్టేంత ముక్కలు చేసి. వర్మికంపోస్టు తొట్టెల్లో ఉండే ఎర్ర పాముల్ని కొన్ని చేదుగా ఉంటాయని ఉమ్మేస్తాయి. మందు కొట్టని మట్టిలోవి చూసి తెచ్చుకోండి. పిల్ల కాబట్టి రోజూ పెట్టాలి, పెద్దదయ్యాక రెండు మూడు రోజులకోసారి. తినకుండా వదిలేసింది రాత్రికి రాత్రే తీసేయాలి, మీరు నలభై ఏడు రోజులు పడ్డ కష్టం ఒక్క కుళ్ళిన పాముతో పోతుంది.

మారతహళ్ళి_మధు
పాముల డబ్బా ఫ్రిజ్‌లో కూరగాయల ట్రేలో పెట్టొచ్చా? చల్లగా ఉంటే ఎక్కువ రోజులుంటాయని చదివా. మా ఆవిడకి ఎలా చెప్పాలో తెలియడం లేదు.

ఫ్యాన్_రాజా
చెప్పొద్దు.

పద్మక్క_వైట్‌ఫీల్డ్
చెప్పండి. పైన పెద్ద అక్షరాలతో రాసి మరీ పెట్టండి. మా ఇంట్లో ఇడ్లీపిండి డబ్బా, అదీ ఒకే రంగు.

అనంతపురం_ఓబులేసు
అక్కా, ఆ పొద్దు ఇడ్లీలెట్లుండినాయో అది కూడా చెప్పక్కా.